సిలిండర్‌కు కట్టిన చాబీ

నేను పాసయ్యాను! హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్, ఫస్ట్ క్లాస్! మిలిటరీ నర్సింగ్ ఆఫీసర్లలో ఈ చదువుకు పంపేది కొద్దిమందినే. ఆ కొద్దిమందిలో మెదక్ ఆటోడ్రైవర్ కూతురు ఒకతి! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, ఇప్పుడు దాని మీద ఇంకొకటి. ఫోన్‌లో రిజల్ట్ చూసి వార్డులోనే గంతేశాను. అప్పుడే పక్క మంచం దగ్గర సిస్టర్ ఆక్సిజన్ సిలిండర్ తెరిచింది. సుయ్‌మన్న ఆ చప్పుడుకు నా కాళ్లు నేల మీదికి వచ్చాయి. గౌస్ చాచా గుర్తొచ్చాడు.

చాచా మా గల్లీవాడే. మిలిటరీ ఆసుపత్రిలో వార్డు హవల్దారుగా చేసి రిటైరై వచ్చాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం మా నాయినకు ఊపిరాడలేదు. ఆయన ఆటోలోనే ఆయనను పడుకోబెట్టి, చాచా నడుపుకుంటూ ఒక ప్రైవేటు దవాఖానకు తెచ్చాడు. మంచం దొరికింది, డాక్టరు వచ్చింది, నిండు సిలిండర్ తలాపునే ఉంది. దాన్ని తిప్పి తెరిచే చిన్న ఇనుప చాబీ మాత్రం స్టోర్‌రూంలో ఉంది. స్టోర్‌కీపరు తాళమేసి అన్నానికి వెళ్లాడు. చాచా ఆటోలోని పానాలన్నీ పెట్టి చూశాడు. ఏదీ పట్టలేదు. చాబీ వచ్చేసరికి నాయిన లేడు.

మా బాబాయి నర్సు మీదికి చెయ్యెత్తాడు. చాచా అడ్డంగా నిలబడ్డాడు.

"ఆమెను కొడితె మీ అన్న లేస్తడా? చాబీ లోపల పెట్టి తాళమెయ్యుమన్నదెవడో గాన్ని అడుగు."

"ఎవడన్నడు భాయ్?"

"ఎవ్వడు అనలే. గట్లనే నడుస్తది."

నాయిన దినాలయ్యాక చాచా సుతిలి తాడుతో ఒక చాబీని ఆ సిలిండర్ మెడకు కట్టి వచ్చాడు. చాబీ పోతే తన మీదికి వస్తుందని స్టోర్‌కీపరు విప్పేశాడు. చాచా మళ్లీ కట్టాడు. మళ్లీ విప్పారు. ఒకనాడు మా ఇంటికి వచ్చి నన్ను పిలిచాడు.

"నేను కట్టుడు, గాయన ఇప్పేసుడు. గిట్ల ఎన్నొద్దులు బేటీ? ఇప్పొద్దు అని ఆర్డరిచ్చేటోళ్లు కావాలె. ఫౌజ్‌ల నర్సింగ్ ఆఫీసర్లుంటరు, సర్కారే సదివిస్తది. నువ్వు పో."

"నాకు సూదంటేనే భయం చాచా."

"గుచ్చిచ్చుకునేటోనికి భయం గని, గుచ్చేటోళ్లకేంది?"

నాకు నవ్వొచ్చింది. నాయిన పోయాక మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే.

పోయినేడు, నేను కోర్సు మధ్యలో ఉండగా, చాచా కూడా ఊపిరాడక అదే దవాఖానలో పోయాడు. నేను మెదక్ చేరేసరికి ఇంటికి తెచ్చేశారు. చాచీ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"చాబీ ఉండె బేటీ. తాడుకు కట్టే ఉండె, ఈసారి ఎవ్వరు ఇప్పలే. తిప్పిండ్రు. లోపల గాలి లేదు."

నిండిందీ ఖాళీదీ పక్కపక్కనే పెట్టారట. ఏది ఏదో చూడడం ఎవరి పనో అక్కడెవరికీ తెలియదట. నా రెండేళ్ల చదువంతా ఆమె ఆ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఇప్పుడు ఏ వార్డులోకి వెళ్లినా నా చెయ్యి ముందు చాబీని తడుముతుంది, ఆ వెంటనే కళ్లు మీటరు ముల్లును చూస్తాయి. మేడమ్‌కు పిచ్చి అని జవాన్లు గుసగుసలాడుకుంటారు. ఆడుకోనీ.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. అమ్మకు, ముందు తిన్నావా అని అడుగుతుంది. తమ్ముడికి. బాబాయికి, గల్లీ అంతా ఆయనే చాటుతాడు. బయాలజీ చెప్పిన మేడమ్‌కు. చివరికి చాచీకి. గాలి ఉందో లేదో చూసేది ఇప్పుడు ఎవరు బేటీ, అని అడుగుతుంది. ఇక్కడైతే నేనే అంటాను. మెదక్ దవాఖానలో చూసేది ఎవరో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.