చుక్కల వెనక మాట

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఒకటే టీవీ ఉండేది. అది పక్కింటి అక్క వాళ్లది. సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. మద్రాసు నుంచి బయలుదేరిన బొమ్మ మా దాకా వచ్చేసరికి బాగా నీరసించి ఉండేది. తెర మీద ఎప్పుడూ తెల్ల చుక్కలు కురుస్తూనే ఉండేవి. గాలి కొంచెం విసిరితే మిద్దె మీది యాంటెన్నా పక్కకు తిరిగిపోయేది. ఒకరు పైకెక్కి ఇనుప గొట్టం తిప్పడం, ఇంట్లో ఉన్నవాళ్లు కేకలేసి దారి చెప్పడం మా ఆదివారాల ఆనవాయితీ.

అక్క బట్టలు కుట్టేది. వెలుతురు కోసం మిషన్ కిటికీ దగ్గర పెట్టుకుంది కాబట్టి టీవీ ఆమె వీపు వెనక ఉండేది. మేమంతా చూసేవాళ్లం, ఆమె వినేది.

మా నాయనది పడవ. ఆ ఆదివారం మధ్యాహ్నం సరస్సు మధ్య దీవిలో పెళ్లికి మా వీధి వాళ్లను దాటించాలి. నన్నూ తీసుకుపోతానన్నాడు. నేను పొద్దున్నే కొత్త పావడా కట్టుకుని, అక్క వాళ్లింట్లో టీవీ ముందు కూర్చున్నాను. రేవులో నీళ్లు వెనక్కి తగ్గి, ఎన్నడూ చూడని బురద బయటపడింది. ఉత్తరపు గాలి ఆగి ఆగి కొడుతోంది. పెళ్లి హడావిడిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

బొమ్మ పలచబడింది. నాయన మిద్దెక్కాడు.

"వచ్చె, వచ్చె... పోయె!"

"యాడికి తిప్పాలో సరిగ్గా చెప్పి చావండి!"

"మద్రాసు ఆ పక్కుండాది మామా, నువ్వు తిరుపతి కొండకు తిప్పతాండావు!"

అందరూ పగలబడి నవ్వారు. కానీ గొట్టం ఎటు తిప్పినా చుక్కలు పెరుగుతూనే ఉన్నాయి. తెర మీది ఆడమనిషి ముఖం కరిగి, కండ్లున్న చోట రెండు మరకలు మిగిలాయి. ఎవరో పెట్టె మీద అరచేత్తో చరిచారు.

ఉన్నట్టుండి కుట్టుమిషన్ ఆగింది. అక్క లేచి వచ్చి, చేతిలో ఉన్న సగం కుట్టిన జాకెట్టు గుడ్డను తెర మీద కప్పేసింది.

"ఏందక్కా, ఇప్పుడే వస్తాంటే!"

"బొమ్మ సంగతి తర్వాత. నోళ్లు మూసుకోని, ఆ యమ్మ ఏమంటాందో ఇనండి."

గుడ్డ వెనక బుస్సుమనే హోరు. ఆ హోరు అడుగున సన్నగా, తెగకుండా, అరవంలో ఒక గొంతు. మా పక్క ఆ భాష అందరికీ అర్థమవుతుంది. ఎటో పోతుందనుకున్న తుఫాను దారి మళ్లింది, మధ్యాహ్నానికే మా తీరాన్ని తాకుతుంది, నీళ్ల మీదికి ఎవరూ పోవద్దు. ఆ మాట అప్పటికి రెండోసారి చెబుతున్నారట. మొదటిసారి చెప్పింది మా కేకల్లో కలిసిపోయింది.

నాయన మిద్దె దిగి వచ్చాడు. అరచేతుల నిండా తుప్పు. అక్క చెప్పింది విని, నా కొత్త పావడా వైపు చాలాసేపు చూశాడు.

"నేను పడవ ఇప్పను" అన్నాడు.

ముహూర్తం దాటిపోతుందని పెళ్లివాళ్లు తిట్టారు, పిరికివాడన్నారు. నాయన పోయి పడవ తాడుకు ఇంకో ముడి వేశాడు. పక్క రేవు నుంచి ఒక పడవ అప్పటికే దీవికి బయలుదేరింది. అది చేరనూ లేదు, తిరిగి రానూ లేదు.

చదువు నాకు ఐదో తరగతితోనే ఆగింది. తర్వాత నేర్చుకున్నదంతా సూళ్లూరుపేట గ్రంథాలయం బల్ల మీదే. ఆనాటి టీవీని అనలాగ్ అంటారని, ఇప్పటిది డిజిటల్ అని అక్కడే చదివాను. పాతదానిలో బొమ్మ, గొంతు రెండూ అలలుగా వచ్చేవి. అల బలహీనపడితే బొమ్మా బలహీనపడేది. గొంతు మాత్రం ఇంకా కొంత దూరం ఓర్చుకునేది. కొత్తదానిలో అన్నీ అంకెలుగా మారి వస్తాయి. దారిలో కొన్ని అంకెలు చెడిపోతే పెట్టె తనే సరిదిద్దుకుని, ఏమీ జరగనట్టు నిండు బొమ్మ చూపిస్తుంది. సరిదిద్దలేని క్షణం వచ్చాక బొమ్మా ఉండదు, మాటా ఉండదు. ఆ పుట దగ్గర పుస్తకం మూసేశాను.

మొన్నటి వానల్లో మా మనవరాలు టీవీ చూస్తూ, "ఎంత క్లియర్‌గా ఉండాదో సూడవ్వా" అంది. నిజమే, ఒక్క చుక్క లేదు. తుఫాను ఇంకా దూరంగానే ఉందని వార్తలు చదివే అమ్మాయి చిరునవ్వుతో చెబుతోంది. ఆ చిరునవ్వు అలాగే బిగుసుకుపోయింది. ముఖం చదరాలుగా పగిలింది. ఆపైన నల్లని తెర, నిశ్శబ్దం.

"ఇప్పటిదాకా బాగానే ఉండె కదవ్వా" అంది పిల్ల.

నేను టీవీ కట్టేసి, పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాకా తీసుకుపోయి, తలుపు తీశాను. ఇప్పటికీ బొమ్మ మరీ శుభ్రంగా ఉన్న రోజున నాకు కూర్చోబుద్ధి కాదు. లేచి, తెరకు వీపు పెట్టి, బయటికి చెవి పెడతాను.

"ఏముందవ్వా?" అంది.

"ఉష్, ఇను" అన్నాను. ఉత్తరపు గాలి ఆగి ఆగి కొడుతోంది.