కాడలు లోపలోళ్ళకు

సోమవారం పొద్దున మేడమ్ వాళ్ళక్క ఫోన్ చేసింది. "మీ మేడమ్ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది. మీ డిపార్ట్‌మెంటోళ్ళకు నువ్వే చెప్పు, నా దగ్గర ఎవ్వరి నంబర్లు లేవు" అని, ఇంకేదో చెప్పబోయి పెట్టేసింది. ఎవరికి ముందు చెప్పాలో తెలియక ఫోన్ పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏ కబురైనా ముందు చెప్పేది మేడమ్‌కే.

ఆమె మా యూనివర్సిటీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్, నా పీహెచ్‌డీకి గైడు. జీవితమంతా ఒక్క దాన్నే చూశారు: పెద్దపేగు లోపలి గోడ మీది జిగురు పొర. పేగులో లెక్కలేనంత బ్యాక్టీరియా ఉంటుంది. అది మన కణాలను తాకకుండా అడ్డుగా ఉండేది ఆ పొరే. దాని గురించి చెబితే జనం మొహం చిట్లిస్తారు. "చీమిడి అని నవ్వుతరు గానీ, అది చిరిగిననాడు తెలుస్తది" అనేవారు మేడమ్.

ఇల్లు తార్నాకలో. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉండేవారు. మేడమ్ క్యాంపస్‌కు నడిచే వచ్చేవారు, ఎండాకాలం కూడా. సాయంత్రం నేను అడిక్‌మెట్‌లోని నా గదికి పోకుండా ఒక్కోసారి ఆమెతో తార్నాక దాకా నడిచేదాన్ని. దారిలో ఆకుకూరలు కొనేవారు. అమ్మే ఆమె అలవాటుగా కత్తి తీయగానే, "కాడలు కొయ్యకమ్మా, అవి మా లోపలోళ్ళకు" అనేవారు. పాపం ఆ అమ్మ, ఇంట్లో ముసలివాళ్ళున్నారనుకుని, "పండ్లు లేనోళ్ళకు కాడలెందుకమ్మా" అని ఒకరోజు కోప్పడింది. మేడమ్ రోడ్డు మీదే ఆగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తర్వాత నడుస్తూ నాకు చెప్పారు. ఆకులూ అన్నమూ చాలావరకు మనమే అరిగించుకుంటాం. కాడల్లోని పీచు మాత్రం పెద్దపేగు దాకా పోతుంది, అక్కడి బ్యాక్టీరియాకు, అంటే ఆమె లోపలోళ్ళకు, అదే తిండి. అది అందకపోతే వాటిలో కొన్ని ఆ జిగురు పొరనే తినడం మొదలుపెడతాయి. "ఆకలైతే గోడ తింటయి. వాటిని తిడితే ఏమొస్తది బిడ్డా? పెట్టకపోవుడు మనదే తప్పు."

మేడమ్‌కు పేరు తెచ్చిన పేపర్ ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల పేగులో కూడా బ్యాక్టీరియా గోడకు అంటుకునే ఉంటుందని, మధ్యలో పొర అడ్డుండదని అందులో రాశారు. నా పని దాన్ని ముందుకు తీసుకుపోవడం. పేగు ముక్కలను అందరూ వాడే, నీళ్ళు కలిసిన ఫార్మలిన్‌లోనే కాకుండా, నీళ్ళు కలవని ద్రావణంలో కూడా నిలవచేసి చూద్దామన్నది ఆమె ఆలోచనే. అలా చేసిన మొదటి స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒకవైపు కణాలు, ఇంకోవైపు బ్యాక్టీరియా, మధ్యలో ఏ బ్యాక్టీరియా లేని సన్నటి దారి, అదే ఆ జిగురు పొర. చాలాసేపు చూశారు.

"పొర ఇన్నేండ్లు గీడనే ఉన్నది. నేనే కడిగేసిన. కడిగేసి, లేదని రాసిన" అన్నారు.

నీళ్ళున్న ద్రావణం ఆ పొరను చెదరగొడుతుంది. పొర పోయాక బ్యాక్టీరియా వచ్చి గోడ మీద పడినట్టు కనిపిస్తుంది, అంతే. ఆ వారమే డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో నిలబడి, పాత స్లైడూ కొత్త స్లైడూ పక్కపక్కన వేసి, "నేను రాసింది తప్పు" అని చెప్పారు. ఒక పెద్ద ప్రొఫెసర్ టీ దగ్గర ఆమెను ఆపి, "ఎందుకమ్మా ఇదంతా? ఎవరడిగారు మిమ్మల్ని?" అన్నారు.

"అడిగినంక చెప్తే ఒప్పుకున్నట్టయితది సార్. చెప్పినట్టు కాదు."

ఆ ఏడాది ఆమెకు రావలసిన పదవి ఇంకొకరికి వెళ్ళింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఆమె ఆ మాట ఎత్తలేదు. పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు దాన్ని అచ్చేసిన పత్రికకు రాసి, మర్నాడు మామూలుగానే నడుచుకుంటూ వచ్చారు.

పోయిన చలికాలం మేడమ్‌కు పొట్టలో నొప్పి మొదలైంది. పేగులో గడ్డ. ఆపరేషన్ చేసినా మళ్ళీ వచ్చింది, ఈసారి చాలా చోట్లకు పాకింది. చివరి వారాల్లో ఆసుపత్రిలో నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదు. ఒక తెల్లటి సంచిలోంచి తిండంతా నరానికి ఎక్కించేవారు. నేను వెళ్ళేసరికి ఆ సంచి వైపే చూస్తూ ఉండేవారు.

"నాకైతే నరంల పోస్తున్నరు" అన్నారొకరోజు. "లోపలోళ్ళకు ఎవరు పెడతరు?"

నవ్వించడానికి అన్నారనుకున్నాను. మొహం చూస్తే నవ్వు లేదు. ఆమెకు తెలుసు, ఆ పేగులో ఇప్పుడేం జరుగుతుంటుందో. అన్ని దశలూ మాకు పాఠం చెప్పిన మనిషి. నాకు ఏడుపొచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఇక చేయగలిగింది లేదని తేలాక, డాక్టర్ అక్కను బయటికి పిలిచి, "ఆమెకు ఏమన్నా తినాలనుంటే రుచికి ఇవ్వండి, చెంచా రెండు చెంచాలు, మెల్లగా" అన్నాడు. అక్క తలూపి ఇంటికెళ్ళి, జొన్న అంబలి చిన్న గ్లాసులో తెచ్చింది. అక్క చెంచాతో తాగిస్తుంటే నేను గ్లాసు పట్టుకున్నాను. మేడమ్ రెండో చెంచా నోట్లోనే చాలాసేపు ఉంచుకుని మింగారు.

"ఉప్పు తక్కువైంది" అన్నారు.

"ఎప్పుడు బాగుందన్నవ్ గనుక" అంది అక్క, కొంగుతో ఆమె మూతి తుడుస్తూ.

ఆదివారం సాయంత్రం అది. నేను బయల్దేరాలి. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. మేడమ్ కళ్ళు మూసుకుని, దుప్పటి మీద నుంచి పొట్టపై చెయ్యి ఆనించి ఉన్నారు. నొప్పేమో అనుకుని దగ్గరికెళ్ళి, "మేడమ్, నర్సును పిలవనా?" అని అడిగాను.

కళ్ళు తెరవలేదు. వద్దన్నట్టు వేలు కదిపి, "ఆగు" అన్నారు. "తింటున్నయి."

కిటికీలోంచి వెలుగు తగ్గుతోంది. ఆ చెయ్యి పొట్ట మీద మెల్లగా లేస్తూ, మెల్లగా దిగుతూ ఉంది, అప్పుడే నిద్రపోయిన పసిబిడ్డ మీద వేసిన చెయ్యిలాగా.