పదకొండు ముడుల ఉన్నితాడు

నా చిన్నప్పుడు మాకు తెలిసిన అతి తేలికైన వస్తువు జొన్న బెండు. చొప్పదంటు పైపెచ్చును పళ్లతో ఒలిస్తే లోపల తెల్లగా, మెత్తగా మిగిలేది అదే. దానితో బండ్లు, ఎడ్లు, పిట్టలు చేసుకునేవాళ్లం. ఆ బెండును నేను చాలాకాలం తలుచుకోలేదు. నెల రోజుల కిందట తాండూరులోని మా ఇంట్లో భోజనాల బల్లను మా మనవరాలు ఆక్రమించుకుని, ఫోమ్ షీటును బ్లేడుతో రెక్కలుగా కోయడం మొదలుపెట్టింది. ఒక ముక్కను తీసి అరచేతిలో తూచి చూశాను. అదే బరువు. లేదా అదే బరువులేనితనం.

ఆమె తయారుచేసేది రిమోటుతో నడిచే గ్లైడరు. ముక్కున చిన్న మోటారు, పొట్టలో బ్యాటరీ, తోక రెక్కను పైకీ కిందికీ కదిపే మరో బుల్లి మోటారు. మోటారు దాన్ని పైకి తీసుకుపోయాక ఆపేస్తే, ఆపైన గాలి మీదనే తేలాలి. ఈ వయసులో బొమ్మలాటలేమిటని మా బంధువొకాయన నన్ను అడిగాడు. తెలుసుకోవడానికి వయోపరిమితి ఏ చట్టంలో ఉందో చూపించమని నేను ఆయనను తిరిగి అడిగాను. ఆయన ఇంకా చూపించలేదు.

మొదటిసారి కోట్‌పల్లి చెరువు కట్ట మీది నుంచి ఎగరేశాం. నాలుగుసార్లు విసిరితే నాలుగుసార్లూ అది ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలింది. మనవరాలు విసుగుతో బ్యాటరీని ముందుకు జరిపి, తోకను వంచి, మోటారు కింద అట్టముక్క దూర్చి అయిదోసారి విసిరింది. అది హాయిగా తేలి గడ్డిలో దిగింది. ఆ పిల్ల గంతులు వేసింది. నేను లెక్కలు రాసుకునే పుస్తకం తెరిచి, దేనివల్ల ఎగిరిందని అడిగాను.

"ఏమో నానమ్మా, అన్నీ మార్చిన గద! ఎగిరింది చాలదా?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు. అరవై ఏళ్ల కిందట వికారాబాద్ గుట్ట మీద సరిగ్గా అదే పని చేసి, అదే జవాబు చెప్పిన ఒక తొమ్మిదేళ్ల పిల్ల మీద.

ఆ ఏడు మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. గుట్ట మీది ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచారు. ఆదివారమే సెలవు కనుక ప్రతి ఐతారం మా నాయన తాండూరులో రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, గుట్టెక్కి ఆమెను చూసి వచ్చేవాడు. ఇంట్లో నన్ను చూసుకునేవారు లేక వెంట తీసుకుపోయేవాడు. పిల్లలను లోపలికి రానివ్వరు కనుక ముళ్లకంచె బయట, ఒక పెద్ద రాతిగుండు దగ్గర కూర్చోబెట్టేవాడు. గుండెక్కితే ఏటవాలు కింద ఆసుపత్రి వరండా, మూడో మంచం మీద అమ్మ నీలం చీర కనిపించేవి. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. నేను అరవకూడదు. చెయ్యి ఊపకూడదు. నేను వచ్చినట్టు నాయన ఆమెకు చెప్పనే లేదు. "తెలిస్తే ఉరికొస్తది బిడ్డా, లేవొద్దన్నరు" అనేవాడు. పిల్ల ఇంట్లో క్షేమంగా ఉందని వారం వారం ఆమెకు అబద్ధం చెప్పేవాడు. మంచికే చెప్పాడని ఇవాళ ఒప్పుకుంటాను. న్యాయమని మాత్రం ఇవాళ కూడా ఒప్పుకోను. కంచె సందులోంచి గొర్రెలు లోపలికి పోయి దర్జాగా మేసేవి. వాటికి లేని అడ్డు నాకెందుకో ఎవరూ చెప్పలేదు.

నేను కంచె అవతలే ఉన్నానని అమ్మకు తెలియాలి. నాకు అంతకుమించి మరేమీ అక్కరలేదు. బెండు పిట్టలు చేయడం నాకు నేర్పింది అమ్మే. పెచ్చు పుల్లలను ఒకదానికొకటి అడ్డంగా గుచ్చి కీలు బిగించే పద్ధతి మా వాడలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అందుకే బెండుతో ఒళ్లు, పెచ్చు పుల్లల మీద నోటుపుస్తకపు కాగితాన్ని అన్నం మెతుకులతో అతికించి రెక్కలు, తోక చేశాను. గుండు మీది నుంచి వరండా దాకా అది తేలిపోవాలి.

తేలలేదు. ముక్కు పైకెత్తి, ఆగి, కూలింది. ముక్కుకు మన్ను అంటించి, రెక్క కొసలు కత్తిరించి, తోక వంచి మళ్లీ విసిరాను. ఈసారి సూటిగా నేలలో గుచ్చుకుంది. అప్పుడు వెనక నుంచి ఎవరో నవ్వారు.

గొర్రెలు కాసే తాత. భుజాన నల్ల గొంగడి, చేతిలో తనకంటె పొడుగు కర్ర. కంచె సందులోంచి పోయి, బొమ్మను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఏం మార్చినవే పోరీ?"

"అన్నీ మార్చిన."

"మారాజు తీరు జెప్పినవ్! గొర్రెకు దగ్గొస్తే మూడు మందులు ఒక్కపారే తాపుతమా? బతికితే ఏ మందుకు బతికిందో ఎట్ల ఎర్కైతది? సస్తే ఏ మందు సంపిందో ఎవనికెర్క?"

నాకు రోషం వచ్చింది. నా బాధ ఆయనకేం తెలుసనుకుని, మూడో మంచం చూపించి అంతా చెప్పేశాను. ఆయన కర్ర మీద ఆనుకుని వరండావైపు చూశాడు.

"లోపలికి పోతవు గద తాతా, నువ్వే ఇచ్చి రారాదు?" అని అడిగాను. "లేకుంటే గొర్రె మెడకు గట్టు."

"గొర్రె సగం తొవ్వలనే నీ కాయితం మేస్తది. నేనిస్తే ఎవడో ముసలోడు బొమ్మ తెచ్చిండనుకుంటది మీ అమ్మ. గాలిల వస్తే నా బిడ్డ పంపిందనుకుంటది. జర ఓపిక పట్టు."

మరుసటి ఐతారం ఆయన మూరెడు నల్ల ఉన్నితాడు తెచ్చాడు. చదువు రాని మనిషి. మందలో ఈనినవీ, పోయినవీ అన్నీ ఆయనకు తాడు మీది ముడులే. ఒక్క విసురుకు ఒక్క ముడి. ఒక్క ముడికి ఒక్కటే మార్పు. బొమ్మ మునుపటి కంటే దూరం పోతే ఆ ముడిలో తెల్ల ఉన్నిపోగు ఇరికిస్తాడు. పడ్డచోటికి అడుగులు లెక్కపెడుతూ పోయి, బొమ్మ తెచ్చి, అడుగులెన్నో నాకు చెబుతాడు. ఏం మార్చానో నేను ఆయనకు చెప్పాలి. చెప్పలేకపోతే విసరనివ్వడు. విసిరే ముందు చిటికెడు ఉన్నిని గాలిలోకి వదులుతాడు. అది పక్కకు కొట్టుకుపోతే ఆగమంటాడు. ఏటవాలు మీదుగా నెమ్మదిగా పైకి లేస్తేనే తల ఊపుతాడు.

"గాలి దినాం మారుతది. అది మారినప్పుడు నువ్వేం మార్చకు. గాలి ఒక్కతీరుగున్నప్పుడే నీ మార్పు సంగతి తెలుస్తది."

ఆ ఐతారం అయిదు ముడులు పడ్డాయి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచింది మన్ను. ఎగరవలసిన దానికి బరువు పెడితే మేలవుతుందని ఎవరు నమ్ముతారు? మన్ను లేకుంటే పదకొండు అడుగులు. చిటికెడు పెడితే పంతొమ్మిది. రెండు చిటికెలకు ఇరవై ఆరు. మూడో చిటికెకు ముక్కు వాలి మళ్లీ పదిహేనే. అంటే ఆ రెండుకూ మూడుకూ నడుమ ఎక్కడో సరైన కొలత ఉంది. రెండు వేళ్ల మీద రెక్కలను ఆనిస్తే బొమ్మ ఎటూ ఒరగకుండా నిలిచే చోటు మన్ను మారినప్పుడల్లా ముందుకీ వెనక్కీ నడుస్తోందని నాకు నేనే కనిపెట్టాను. అమ్మ కోసం మొదలైన పని, అది ఎందుకు అలా నడుస్తుందో తెలుసుకోకుండా నిద్రపట్టని పనిగా మారింది. ఇంటికి వెళ్లాక ఆయన ముడులన్నిటినీ నా పుస్తకంలో అక్షరాలుగా ఎక్కించాను. నేను రాసుకున్న మొదటి లెక్క అదే.

మూడో ఐతారం మరో అయిదు. తోకను వడ్లగింజంత పైకి వంచినప్పుడు బొమ్మ వరండా మెట్ల దాకా పోయింది. తాత బొమ్మతో పాటు దాచుకోలేని నవ్వును కూడా తెచ్చాడు. కానీ నాయన బయటికి వచ్చే వేళయింది.

నాలుగో ఐతారం మూడో చిటికెలో సగం పెట్టాను. అదొక్కటే మార్పు. తాత వదిలిన ఉన్నిపోగు మెల్లగా లేచింది. విసిరాను.

అది కూలలేదు. ముక్కు ఎత్తలేదు, వాల్చలేదు. కంచె దాటి, మెట్లు దాటి, వరండా స్తంభానికి రెక్క తగిలించుకుని మూడో మంచం కింద పడింది. మంచం పక్కన కూర్చున్న నాయన ఉలిక్కిపడి లేచి, దాన్ని తీశాడు. దాచబోయాడనే అనుకుంటాను. అమ్మ గోడవైపు నుంచి తిరిగి చెయ్యి చాపింది. బెండు కీళ్ల మీద బొటనవేలితో తడిమింది. నాయనను ఏదో ఒక్క మాట అడిగింది. ఆయన తల దించుకున్నాడు.

ఆమె ఉరికి రాలేదు. మంచం మీద లేచి కూర్చుంది. గుండు మీద నన్ను వెతికి పట్టుకుంది. తరువాత ఆ బొమ్మను తలకంటే ఎత్తుగా పట్టుకుని, గాలిలో ఎగురుతున్నట్టు అటూ ఇటూ నడిపింది, నాకు కనబడేలా.

నాయన ఏటవాలెక్కి నా దగ్గరికి వచ్చాక నన్ను కోప్పడలేదు. "వచ్చే ఐతారం నుంచి నువ్వు ఆ గుండు మీదనే నిలబడాల్నట. మీ అమ్మ హుకుం" అని మాత్రం అన్నాడు. ఆపై వారాల్లో మేం వెళ్లేసరికి అమ్మ మాకంటే ముందే కూర్చుని ఉండేది. ఎండలు ముదరకముందే ఇంటికి వచ్చింది.

బొమ్మ వరండా చేరిన రోజే తాత తాడు నా చేతికిచ్చాడు.

"ఏం మార్చినవ్?"

"మూడో చిటికెల సగం."

"గదీ. ఆఖరి ముడి నువ్వే వెయ్యి."

మా మనవరాలికి ఇదంతా చెప్పి, అట్టముక్క తీయించాను, తోక సాపు చేయించాను, బ్యాటరీని పాత చోటికి జరిపించాను. ఎగిరే దాన్ని మళ్లీ కూల్చమంటున్నావని అలిగింది. పోయిన ఐతారం కోట్‌పల్లి కట్ట మీద బ్యాటరీని ఒక్క వేలెడు ముందుకు జరిపి, అదొక్కటే మార్చి, తానే పుస్తకంలో రాసుకుంది. ఆపై రిమోటు చేతపట్టి నావైపు చూసింది. నేను సంచిలోంచి చిటికెడు ఉన్ని తీసి గాలిలోకి వదిలాను. ఆనాటి నుంచి నేను లెక్కలు రాసుకున్న పుస్తకాలతో ఇప్పటికి బీరువా నిండింది. వాటన్నిటి కింద, పదకొండు ముడులతో, ఆ నల్లతాడు ఉంది. అందులో ఏ ముడి చూపించినా, ఆనాడు ఏం మార్చానో ఇప్పటికీ చెప్పగలను.