తెల్ల పొగలో హినా అత్తరు

దయ్యాలంటే నమ్మే మనిషిని కాదు నేను. నాందేడ్‌లో డీజిల్ పికప్‌లు బాగుచేసే షెడ్డు నాది. బండిలో చప్పుడు వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. బంపర్‌కు నిమ్మకాయలు కట్టి, ఎయిర్ ఫిల్టర్ మాత్రం మార్చని డ్రైవర్లను ఎంతమందిని ఏడిపించానో. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ మా ఆవిడకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నాకు పని నేర్పింది ఉస్తాద్. ఒళ్లంతా గ్రీజు, చెవి మడతలో మాత్రం ఎప్పుడూ హినా అత్తరు అద్దిన దూది. పొగ చూసి బండి రోగం చెప్పేవాడు. నల్ల పొగ అయితే డీజిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ దగ్గరే తిరకాసు. చలికి సరిగా మండని డీజిల్ కూడా తెల్లగానే వస్తుంది, రేడియేటర్‌లో పోసే కూలెంట్ ఇంజన్‌లోకి కారినా తెల్లగానే వస్తుంది. మొదటిది ఇంజన్ వేడెక్కితే పోతుంది. రెండోది ఇంజన్‌నే తినేస్తుంది.

అందుకని సైలెన్సర్ ముందు అరచెయ్యి పెట్టించి, దాన్ని వాసన చూడమనేవాడు. "ఆంఖ్ బంద్ కర్, నాక్ ఖోల్" అంటూ నెత్తిన ఒక్కటి ఇచ్చేవాడు. కళ్లు మూసుకో, ముక్కు తెరువు అని. మండని డీజిల్ ఘాటుగా ఉంటుంది. కూలెంట్ బెల్లం పాకంలా తియ్యగా ఉంటుంది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరం ఒకే వారంలో ఆసుపత్రిలో పడ్డాం. ఉస్తాద్ తిరిగి రాలేదు. నేను ఆక్సిజన్ మీద ఉన్నాను, ఆయన సమాధి మీద పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాను.

నేను ఇంటికొచ్చాను గానీ నా ముక్కు రాలేదు. డీజిల్, అల్లం చాయ్, మా ఆవిడ జడలో మల్లెలు, దేనికీ వాసన లేదు. మెల్లగా వస్తుందన్నాడు డాక్టర్. ఏళ్లు గడిచాయి, రాలేదు. గిరాకీలకు ఆ మాట దాచిపెట్టాను. ముక్కు పోయిన మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడు? అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి, వాసన చూసినట్టు నటించి, కళ్లు మండితే డీజిల్ అనేవాణ్ని.

ఆ పొద్దున గోదావరి మీది పొగమంచు మా వీధిలోకి వచ్చేసింది. ఎదురుగా ఉన్న చాయ్ బండి కనబడటం లేదు, గ్లాసుల చప్పుడు మాత్రం వినబడుతోంది. అందులోంచి మెల్లగా ఒక పికప్ వచ్చి ఆగింది. నాయ్‌గావ్ గంగారాం కాకది. ముందురోజే వచ్చి, మా వీధి చుట్టాలింట్లో ఉండి, అప్పుడే బండి తీశాడు. మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి మాహూర్ కొండ మీది అమ్మవారి గుడికి పోతున్నారు. వెనక చద్దర్లు కప్పుకుని పన్నెండు మంది, కోడలి ఒళ్లో ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్లాడు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ.

"ఘాట్ ఎక్కుతదా లేదా, జెర చూసి చెప్పు" అన్నాడు కాక.

చెయ్యి పెట్టాను. కళ్లు కాస్త మండాయి. పక్క షెడ్డు వాళ్ల చలిమంట పొగ అది, అప్పుడు నాకు తట్టలేదు.

"చలికి గిట్లనే అస్తది కాకా, వేడెక్కితే పోతది. నిమ్మలంగ పోయి రా" అన్నాను.

బండి కదిలింది. పొగా మంచూ కలిసిపోయాయి. ఎర్ర టోపీ ఒక్కటే తేలుతూ పోతోంది. అప్పుడు వాసన వచ్చింది.

హినా అత్తరు. నా కుడి భుజం వెనక నుంచి, ఉస్తాద్ నిలబడే చోటు నుంచి. నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. ఎంతసేపో తెలియదు. భయం వేయలేదు, చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది. అరచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. అత్తరు కింద ఇంకో వాసన ఉంది. తియ్యగా, బెల్లం పాకంలా.

అరుస్తూ పరుగెత్తి మలుపు దగ్గర బండి ఆపించాను. కాక విసుక్కుంటూ దిగి, నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. గాలి ఎగబీల్చాడు.

"గీ అత్తరు వాసన ఏడికెల్లి అస్తుంది? నువ్వు పూసుకున్నవా?"

నా ఒంటి మీద గ్రీజు తప్ప ఏమీ లేదు.

రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడిపించాను. లోపల ఎసరు మరిగినట్టు బుడగలు. కూలెంట్ ఇంజన్‌లోకి కారకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. ఘాట్ మధ్యలో ఇంజన్ పట్టేసి ఆగిపోయేది, దాంతో బ్రేకు పెడల్ కూడా రాయిలా బిగుసుకునేది. వెనక లోయ. అక్కడే, అందరి ముందూ, నాకు వాసన తెలియదని చెప్పేశాను. కాక పిల్లాణ్ని తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. వాడి తల వాసన చూశాను. అప్పటికే నా ముక్కుకు తిరిగొచ్చిన వాసనంతా పోయింది.

వాళ్లు వేరే జీపులో మాహూర్ పోయి వచ్చారు.

పోయిన వాసన ఒక్కోసారి క్షణం పాటు తిరిగొస్తుందని డాక్టర్ అన్నాడు. సరే, నా సంగతి అదే అనుకుందాం. కాక ముక్కుకు ఏ రోగమూ లేదు కదా. ఆయన్ను మళ్లీ మళ్లీ అడిగాను. అత్తరే అన్నాడు.

ఆ సాయంత్రమే ఖబరస్తాన్‌కు పోయి, ఇన్నేళ్లకు, ఉస్తాద్ సమాధి మీద పిడికెడు మట్టి వేశాను.

ఇప్పుడు గిరాకీలకు ముందే చెప్పి, వాళ్ల చేతనే వాసన చూపిస్తున్నాను. అయినా పొద్దున మొదటి బండికి నా చెయ్యి కూడా పెడతాను. కళ్లు మూసుకుని, కుడి భుజం వెనక కాస్త చోటు వదిలి నిలబడతాను. ఏ వాసనా రాదు. ఆ రోజు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.