మేస్త్రి తట్టిన స్తంభం

తిరుపతిలో మా ఇల్లు కట్టిన మేస్త్రి ఎప్పుడొచ్చినా స్తంభాన్ని వేలి కణుపులతో తట్టేవాడు. ఖంగుమంటే తలాడించి, "రాయి మాదిరి ఉండాదక్కా" అనేవాడు. మా ఇంటికీ, తన కూతురి ఇంటికీ ఒకే నెలలో శ్లాబు పోశాడు. రెండు తేదీలూ నాకు గుర్తే.

పోయిన వేసవిలో మా స్తంభం నెర్రెలిచ్చింది. మేస్త్రి ఎదుటే ఇంజనీరు దాన్ని కాస్త పగలగొట్టి మందునీళ్లు చల్లాడు. సిమెంటులో సత్తువుంటే గులాబీరంగు రావాలట. లోపలి ఇనుప కమ్మీ దాకా ఎక్కడా రాలేదు.

"తట్టి సూడండి సార్, ఎంత గట్టిగా ఉండాదో!" అన్నాడు మేస్త్రి.

"గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చేకొద్దీ పైన గట్టిపడుతుంది పెద్దాయనా. కానీ లోపలి కమ్మీని తుప్పు నుంచి కాపాడే గుణం పోతుంది," అన్నాడు ఇంజనీరు.

మేస్త్రి ఆ కమ్మీనే చూస్తూ నిలబడ్డాడు.

"మా బిడ్డింట్లో పిలకాయలు శ్లాబు కిందనే పండుకుంటారు సార్. ఈ పొద్దే వస్తారా?"