పన్నెండు బొమ్మల రీలు

పోయిన మంగళవారం బడిలో మొదటి పీరియడ్ నడుస్తుండగా చండ్రుగొండ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "స్టూడియో పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల ఛాయ్ తాగి కుర్చీల కూసున్నది, కూసున్నట్టే పోయింది" అన్నది. పిల్లలకు చూచిరాత ఇచ్చి, హెడ్మాస్టరుకు చెప్పి బయలుదేరాను. ఖమ్మంలో బస్సెక్కి నేను చేరేసరికి వాళ్ల వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. అంతా అయిపోయింది.

ఆమె మాకు చుట్టం కాదు. మా పక్కింటామె. ముందు గది ఫోటో స్టూడియో, వెనక గదుల్లో సంసారం. స్టూడియో పెట్టింది ఆమె భర్త, మేం పెదనాయన అని పిలిచే ఆయన. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయాక, ఆయన మంచంలో పడుకుని చెబుతుంటే ఈమె కెమెరా పట్టింది. ఆయన పోయాక కూడా ఆపలేదు. నాలాంటి పిల్లలే కాదు, ఆమె ఈడువాళ్లు సైతం స్టూడియో పెద్దమ్మ అనే పిలిచేవాళ్లు.

సంతరోజు వచ్చిందంటే అడవి పల్లెల నుంచి దిగినవాళ్లతో అరుగు నిండిపోయేది. రేషన్ కార్డుకొకరు, ఓటరు కార్డుకొకరు. కెమెరా ముందు కూర్చోగానే కర్రల్లా బిగుసుకుపోయేవాళ్లు. పెద్దమ్మ ఎవర్నీ నవ్వమనేది కాదు. తల వంచి కెమెరా వెనక నుంచి "ఇయ్యాల ఏం కూరొండినవ్?" అని అడిగేది. వాళ్లు గుర్తు తెచ్చుకుని నోరు తెరిచేలోపు నొక్కేసేది. "మొహం పెట్టొద్దు. మొహాన్ని ఉండనియ్యాలె" అనేది. ఆ కార్డుల మీద ఎంతమంది చింతచిగురు గురించో, ఎండుచేపల గురించో ఆలోచిస్తూ ఉండిపోయారో!

మధ్యాహ్నం గిరాకీ ఉండేది కాదు. అప్పుడామె తన "పిచ్చి బొమ్మలు" తీసుకునేది. ఆ పేరు కూడా ఆమె పెట్టుకున్నదే. మనిషిని నీళ్లు జల్లిన గాజుపలక వెనక కూర్చోబెట్టేది. కెమెరా కన్ను తెరిచే ఉంచి, తల మెల్లగా తిప్పమనేది. ఒకే ఫిలిం మీద రెండుసార్లు తీసేది. ఒకసారి బీడీలకు తునికాకు కోసే అవ్వ ఒకామె వస్తే, ముందు ఆమె మొహం తీసి, మళ్లీ అదే ఫిలిం మీద ఆమె చేతులు తీసింది. కడిగి చూస్తే అరచేతుల గీతలన్నీ చెంపల మీదికి వచ్చి ఉన్నాయి. అవ్వ ఆ బొమ్మను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. పక్కామెతో వాళ్ల భాషలో ఏదో అన్నది. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి "దీంట్ల నేను పని చేస్తున్న" అన్నది. ఆ మాట చెప్పుకుని పెద్దమ్మ నెల రోజులు మురిసిపోయింది. అట్లాంటి బొమ్మలు ఎవరూ కొనేవాళ్లు కాదు. రేకు పెట్టెలో వేసి మంచం కింద పెట్టేది.

ఇక నా సంగతి చెప్పాలి.

నాకు పదమూడో ఏట పెదవి మూలన చిన్న తెల్లమచ్చ వచ్చింది. బొల్లి అన్నారు. ఇంటర్‌కి వచ్చేసరికి కళ్ల చుట్టూ, నుదుటి మీద, ఎడమ చెంప నిండా పాకింది. అమ్మ ఖమ్మం దవాఖానాల చుట్టూ తిప్పింది. ఎవరో వంకాయ మానమన్నారు, ఎవరో పెరుగు మానమన్నారు. నేను మాత్రం ఫోటోలు మానేశాను. పదో తరగతి గ్రూపు ఫోటోలో నేను లేను. ఆ రోజు కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నాను.

టీచర్ ట్రైనింగ్ ప్రవేశ పరీక్షకు ఫోటో తప్పలేదు. ఖమ్మంలో ఒక స్టూడియోకు వెళ్లి మచ్చలు తీసేయించుకున్నాను. ఎంత చక్కగా ఉన్నానో అందులో! ఆ ఫోటో అంటించిన హాల్ టికెట్ పట్టుకుని, మొహానికి పౌడరు దట్టంగా రాసుకుని పరీక్షకు పోయాను. చెమటకు పౌడరు కారింది. హాల్లో సారు హాల్ టికెట్ చూసి, నన్ను చూసి, "ఈ పిల్లవు నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. "మరి గిట్ల లేవు గదా" అని నన్ను లేపి నిలబెట్టాడు. సంతకాలు పోల్చి, ఇంకో సారును పిలిచి, నన్ను కూర్చోనిచ్చేసరికి అరగంట పోయింది. గదిలో అందరూ నన్నే చూశారు. సీటు రాలేదు. ఎందుకు రాలేదో ఇంట్లో చెప్పలేదు.

మరుసటి ఏడు దరఖాస్తు వచ్చినప్పుడు అమ్మ పోరి పోరి నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపింది.

"పెద్దమ్మా, మచ్చలు కనబడకుండా తియ్యి."

"తీస్త. మరి పరీక్షకు ఆ పిల్లే పోతదా, నువ్వు పోతవా?"

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. హాల్లో జరిగిందంతా మొదటిసారి ఆమెకు చెప్పాను. ఆమె ఓదార్చలేదు. పూర్తిగా విన్నాక "మొహం కడుక్కొని కూసో. దరఖాస్తుకు కాదు, ఊకె తీస్త" అన్నది.

మర్నాడు ఒక బొమ్మ చూపించింది. నలుపంతా తెలుపుగా, తెలుపంతా నలుపుగా తిప్పి అచ్చువేసిన నా మొహం. వెన్నెల్లాంటి చర్మం మీద బొగ్గురంగు మచ్చలు. "ఫిలింకు ఏది మచ్చనో ఏది మంచిగున్నదో తెల్వది బిడ్డా. రెండూ గావాలె. ఏదో ఒక్కటే ఉంటే బొమ్మనే పడది" అన్నది. నాకు లోపల్లోపల నచ్చింది.

మూడో రోజు సంత. స్టూడియో ముందు నుంచి పోతూ చూస్తే, ఆ బొమ్మే పెద్దదై గోడ మీద వేలాడుతోంది. దాని ముందు నలుగురు ఆడవాళ్లు. "ఏమైంది ఈ పిల్లకు?" అని ఒకామె అడుగుతోంది. నేను లోపలికి పోయి, అందరి ముందు దాన్ని పీకి, నాలుగు ముక్కలు చేసి ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం పెద్దమ్మ మా గడప దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మని అమ్మ అంటే రాలేదు. "అడగకుండ పెట్టిన. తప్పు నాదే. బొమ్మ మంచిగొచ్చిందన్న సంబురంల అది నీ మొహమన్న సంగతే మరిశిన" అని అక్కడే నిలబడి చెప్పి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు ఒక పెద్దమనిషి అట్లా తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు రోజులకు కబురు పెట్టింది. వెళితే కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి, దానికి బిగించిన పొడుగాటి తీగ కొస నా చేతిలో పెట్టింది. కొసన గుండీ నొక్కితే ఫోటో పడుతుంది.

"ఈ రీల్ల పన్నెండు బొమ్మలున్నయ్. నేను బయట కూసుంట. నీ మొహం నువ్వే తీసుకో. కడిగినంక ఏది ఉంచాల్నో ఏది చింపాల్నో నువ్వే చెప్పు."

మూడు మధ్యాహ్నాలు పట్టింది. మొదటిది పౌడరు రాసుకుని తీసుకున్నాను. రెండోది చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకుని. తర్వాత ఆ పరీక్ష హాలు సారు ఎదురుగా ఉన్నాడనుకుని నాలుక బయటపెట్టాను. తల అటూ ఇటూ తిప్పి మచ్చలన్నీ పాలు ఒలికినట్టు అయ్యేలా ఒకటి. తడి గాజుపలక వెనక రెండు. ఒకటి ఏడుస్తూ. తొమ్మిదో పదో బొమ్మకు ఎవరి మీదని తెలియని కోపం వచ్చి కెమెరా మీదికి వంగి అరిచాను. బయట నుంచి పెద్దమ్మ దగ్గింది గానీ లోపలికి రాలేదు. పన్నెండోదానికి చేయడానికి ఏమీ మిగల్లేదు. కూర్చుని నొక్కాను.

ఎర్రబల్బు గదిలో ఇద్దరం కలిసి కడిగాం. మందునీళ్లలో కాగితం ఊపుతుంటే ముందు నా జుట్టు తేలింది, తర్వాత కళ్లు, తర్వాత చామనఛాయ మెల్లగా కమ్ముకుంది. మచ్చలున్న చోట కాగితం తెల్లగా అట్లాగే ఉండిపోయింది. నా మొహాన్ని అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. పౌడరు బొమ్మ ఒక్కటే చింపాను. దరఖాస్తుకు ఏదని ఆమె అడిగితే పన్నెండోది చూపించాను. "అవ్" అన్నది, అంతే.

ఆ ఏడు హాల్లో కళ్లద్దాల మేడం ఒకామె వచ్చింది. హాల్ టికెట్ చూసింది, నన్ను చూసింది, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అని వెనక బల్లకు వెళ్లిపోయింది. ఏమీ జరగలేదు. పరీక్ష మొదలైన పది నిమిషాల దాకా ఆ ఆనందంతో మొదటి ప్రశ్ననే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను.

ఇప్పుడు టీచర్‌ని. ఏటా కొత్త పిల్లలు "టీచర్, మీ మొహానికి ఏమైంది?" అని అడుగుతారు. "బొల్లి. అంటుకోదు. ఇంకేమన్న అడగాల్నా?" అంటాను. పాఠంలోకి వెళ్లిపోతాం.

తర్వాత రీళ్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పెద్దమ్మ అదీ నేర్చుకుంది. అడిగినవాళ్లను అడిగినంత తెల్లగా చేసి ఇస్తుంటే నాకు ఒళ్లు మండింది. నాకు చెప్పిన మాటలేమయ్యాయని నిలదీశాను. "ఎవల మొహం వాళ్లిష్టం. నువ్వే గద నేర్పినవ్, గోడ మీది బొమ్మ చింపి" అన్నది నవ్వుతూ.

చివరికి షుగరు ఆమె కళ్లను తినేసింది. స్టూడియోకు తాళం పడింది. మొన్న ఎండాకాలం సెలవుల్లో వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని ఉంది. గొంతు విని గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నా బడి గురించీ పిల్లల గురించీ అడిగి, మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండు వేళ్లతో నా గడ్డం పట్టుకుని పడమటి ఎండ వైపు కొంచెం తిప్పింది. ఆమె చేతిలో కెమెరా లేదు. నేనామెకు ఎంత కనబడుతున్నానో తెలియదు.

"ఉండు బిడ్డా, కదలకు" అన్నది.

కొత్తగూడెం బస్సు పోయింది. దుమ్ము లేచి, మా ఇద్దరి మీదా మెల్లగా వాలింది. నేను కదలలేదు.