ఆటు రోజుల లెక్కల పీరియడ్

కరోనా సెలవుల తర్వాత బడులు తెరిచిన రెండో విద్యా సంవత్సరం, ఏప్రిల్ మొదటి వారంలో నన్ను మా దీవుల్లో ఉత్తరాన ఉన్న మాయాబందర్ దగ్గరి ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు హెడ్ టీచరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్లుంది. నేను దీవుల రాజధానిలో, గోల్ ఘర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అక్కడే చాతంలో రంపపు మిల్లు పనిలో స్థిరపడ్డారు.

బడిలో ఐదు తరగతులు, నలుగురు టీచర్లు. పాఠం హిందీలో. పిల్లల ఇళ్లలో మాత్రం బెంగాలీ, తెలుగు, తమిళం, కరెన్, సాద్రీ. సాద్రీ మాట్లాడే కుటుంబాలు చోటానాగపూర్ నుంచి అడవి పనులకు వచ్చి నిలిచిపోయినవి; ఇక్కడ అందరూ వాళ్లను రాంచీవాళ్లంటారు.

ఐదో తరగతి బిశ్వాస్ సార్‌ది. ఇరవయ్యేళ్ల అనుభవం, అచ్చు వేసినట్టుండే చేతిరాత. ఒక భాషవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారని ఆయన పిల్లల్ని ఇంటి భాష ప్రకారం వరుసలుగా కూర్చోబెట్టేవారు. మొదటి రోజు ఒక్కో వరుసా చూపిస్తూ చివరిదాని దగ్గర ఆగి, “యే రాంచీ లైన్ హై మేడమ్. లెక్కలు వీళ్ల ఖూన్‌లోనే లేవు,” అన్నారు. పిల్లలు వింటూనే ఉన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, వెక్కిరింత లేదు. ఇవాళ వాన పడుతుందన్నట్టు చెప్పారు.

నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగులో చాలాసేపు మాట్లాడాను. నెత్తురులో లెక్కలుండవు, నెత్తురులో ఉండేది నెత్తురేనన్నాను. పుట్టుకను బట్టి బుద్ధిని కొలిచేవాడు కొలబద్ద పట్టుకున్న పూజారి, బడిలో పంచాంగాలు వద్దు అన్నాను. మర్నాడు నేనే నిలబడి ఆ వరుసలు చెరిపేశాను. ఆర్నెల్ల పరీక్షలొచ్చాయి. పాత మార్కులే వచ్చాయి. నా ఉపన్యాసానికి ఒక్క మార్కు కూడా కదల్లేదు.

ఆ రాంచీ పిల్లల్లో ఫూల్‌మణి అనే అమ్మాయి ఉండేది. హిందీ పాఠం గడగడా చదివేది. భిన్నాలు రాగానే పెన్సిల్ ఆగిపోయేది. అప్పటి నిబంధన ప్రకారం ఐదో తరగతిలో తప్పితే రెండు నెలల్లో మళ్లీ పరీక్ష, అందులోనూ తప్పితే అదే తరగతి. ఆమె తండ్రి జెట్టీలో కూలీ. ఒకరోజు వరండాలో నిలబడి మర్యాదగానే చెప్పాడు: ఫెయిలయితే ఇంట్లో పెట్టుకుంటాను మేడమ్, చంటిదాన్ని చూసుకుంటుంది. ఫూల్‌మణి అతని వెనకే నిలబడి నేలను చూస్తోంది.

కదలిక వేరేచోటి నుంచి వచ్చింది. మధ్యాహ్న భోజనం నెలలో కొన్ని రోజులు గంట ఆలస్యమవుతోందని వంటచేసే అప్పలమ్మకు మెమో ఇచ్చాను. మెమో అంటే తప్పుకు సంజాయిషీ అడిగే కాగితం. ఆమె దాన్ని మడిచి కొంగున ముడేసుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

“నన్నడుగుతారేటి మేడమ్, క్రీకునడగండి. పొద్దున్న భాటా ఉంటే డోంగీ బురదలో కూకుంటాది. నీరెక్కేదాకా అవతలొడ్డునే కదా మేం. నాతోటి దిగుతున్న పిల్లలకి మెమో ఇవ్వలేదేటి? ఆళ్లూ లేటే గదా!”

భాటా అంటే ఆటు, సముద్రం వెనక్కి తగ్గే సమయం; డోంగీ అంటే క్రీకు అనే ఉప్పునీటి పాయను దాటించే చిన్న పడవ. నెలలో రెండు విడతలు, విడతకు నాలుగైదు రోజులు, సరిగ్గా బడి వేళకు క్రీకులో నీరుండదట. హాజరు పట్టీ తెప్పించాను. అందులో అవతలి ఒడ్డు పిల్లలందరూ ప్రతిరోజూ ఉన్నారు. బిశ్వాస్ సార్‌ను అడిగాను. ఆయన తల గోక్కున్నారు. మొదటి పీరియడ్‌తో హాజరు మూసేయాలి, హాజరు లేనివాళ్లు భోజనం లెక్కలోకి రారు, అందుకని తానే ముందుగా వేసేస్తున్నానని ఒప్పుకున్నారు. “భూఖే బచ్చే కో కైసే కాటూఁ, మేడమ్?” అన్నారు. ఆకలితో వచ్చే పిల్లల పేరు ఎలా కొట్టేయను అని. మంచి మనసుతో చేసిన పని. ఆ మంచి మనసే కారణాన్ని ఆయనక్కూడా కనపడకుండా కప్పేసింది. పట్టీ చూసిన ప్రతివాడికీ నిండు హాజరు, సున్నాకు దగ్గర మార్కులు కనిపించాయి. ఇక నిందించడానికి పుట్టుకే మిగిలింది.

మొదటి పీరియడ్ లెక్కలది.

జెట్టీ నుంచి ఆటుపోట్ల పట్టిక తెప్పించి సార్ పాఠాల డైరీ పక్కన పెట్టాను. భిన్నాలు మొదలైన వారం ఆటు వారం. పునశ్చరణ చేసిన వారమూ ఆటే. క్రీకుకు ఇటువైపు ఉండే ఇద్దరు రాంచీ పిల్లలకు మార్కులు బాగానే ఉన్నాయి. అవతల ఉండే తెలుగు కాంట్రాక్టరు కొడుక్కి ఫూల్‌మణితో సమానంగా వచ్చాయి. ఒకే మార్కుకు అంతదాకా స్టాఫ్ రూములో రెండు కారణాలుండేవి: వాడిది అల్లరి, ఆమెది జాతి.

బిశ్వాస్ సార్ ఆ రెండు కాగితాల్లో తేదీలు వేలితో సరిచూసుకున్నారు. మర్నాడే లెక్కల్ని భోజనం తర్వాతకు మార్చారు, ఆటు రోజుల్లో మొదటి పీరియడ్ బొమ్మలకూ పాటలకూ ఇచ్చారు, భిన్నాలు మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. హాజరు రెండో పీరియడ్‌తో మూసేలా పై ఆఫీసుకు నేను రాసి అనుమతి తెచ్చాను. “అబ్ టైమ్‌టేబుల్ చాంద్ బనాతా హై,” అని సార్ నవ్వేవారు, మన టైమ్‌టేబుల్ చందమామ వేస్తోందని. అప్పలమ్మయితే వదల్లేదు: “పంచాంగం వద్దన్న మేడమే తిథి సూసి పాఠం సెప్పిస్తున్నారు, సూడండర్రా!” చంద్రుడు నీటిని లాగుతాడు గానీ జాతకాన్ని లాగడని నేను గరిట పట్టుకున్న మనిషితో అరగంట వాదించాను. ఆమె పప్పు కలుపుతూ ఊఁ కొట్టింది.

ఫూల్‌మణికి మొదటి ర్యాంకు రాలేదు. అది ఎప్పటిలాగే ఒక కరెన్ కుర్రాడిది. ఆమె మాత్రం వార్షిక పరీక్షలోనే లెక్కలు గట్టెక్కింది, రెండో పరీక్ష అవసరం లేకుండా. ఆరో తరగతికి వెళ్లడానికి కావలసిన బదిలీ సర్టిఫికెట్ మీద నేనే సంతకం చేశాను. తండ్రి దాన్ని తిరగేసి పట్టుకుని చూసి, కూతురు సరిచేస్తే నవ్వాడు.

పిల్ల ఎందుకు వెనకబడిందో చెప్పేముందు, ఆ పాఠం జరుగుతున్నప్పుడు పిల్ల గదిలో ఉందో లేదో చూడాలి. బిశ్వాస్ సార్ అది చూడకుండా నెత్తురు గురించి మాట్లాడారు. నేనూ అది చూడకుండానే నెత్తురుకు వ్యతిరేకంగా మాట్లాడాను. ఆయన మాట తప్పు, నా మాట ఒప్పు. అయినా ఆర్నెల్లపాటు ఆ ఇద్దరి మాటలూ ఫూల్‌మణికి ఒక్కలాగే పనికిరాలేదు.